డార్ట్‌మూర్‌లో శరదృతువు నడకలు: అనుభవం లేని గుంపు వారం వారం వెళ్ళొచ్చా, రాత్రిపూట కూడా నడవొచ్చా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది. ఇంగ్లండ్ నైరుతి మూలన ఎక్సెటర్‌లో పది మంది దాకా తెలుగువాళ్ళు కలిశారు, సగం మంది స్టూడెంట్లు, సగం మంది ఉద్యోగాలు. సెప్టెంబర్ నుంచి నవంబర్ చివరి దాకా ప్రతి శనివారం దగ్గర్లోని డార్ట్‌మూర్ అనే ఎత్తైన బయలు ప్రాంతంలో (ఇక్కడ మూర్ అనేస్తారు) నడవాలని, నెలకోసారి రాత్రి నడక కూడా పెట్టుకోవాలని ఉంది. ఎవరికీ పెద్దగా అనుభవం లేదు. సేఫేనా, ఎక్కడ మొదలుపెట్టాలి, ఏమేం కొనాలి అని అడిగారు.

వెళ్ళొచ్చు, నిక్షేపంగా వెళ్ళొచ్చు. ఒక్క షరతు: వారానికో కొత్త చోటు పెట్టుకోకండి. రెండు మూడు దారులు ఎంచుకుని సీజన్ అంతా వాటినే మళ్ళీ మళ్ళీ నడవండి. రాత్రి నడవబోయే దారిని అంతకుముందే పగటిపూట కనీసం రెండుసార్లు నడిచి ఉండాలి. ఇన్‌స్టాలో చూసిన చోటల్లా చుట్టేయాలని ఉంటుంది, నాకు తెలుసు. కానీ కొత్తవాళ్ళ గుంపుని మూర్ మీద కాపాడేది బూట్లూ యాప్‌లూ కాదు, "ఈ గోడ దాటితే ఎడమకి మలుపు, అక్కడ బురద ఉంటుంది" అని గుంపులో నలుగురికైనా నోటికి వచ్చి ఉండటం.

నేను ప్లిమత్ వైపు ఉంటాను, చాలా ఏళ్ళుగా ఇక్కడి మనవాళ్ళ గుంపుతో ఏటా ఈ నెలల్లో నడుస్తున్నాను. లైసెన్స్ ఉన్న గైడ్‌ని కాదు, డబ్బు తీసుకుని ఎవరినీ తీసుకెళ్ళను. అది గుర్తుపెట్టుకుని చదవండి.

ముందు ఆ నేల గురించి. డార్ట్‌మూర్ నేషనల్ పార్క్ 954 చదరపు కిలోమీటర్లు, 1951 నుంచి పార్క్‌గా ఉంది. నడిమి భాగం చాలావరకు చెట్లు లేని బయలు: గడ్డి, పీట్ నేల (కుళ్ళిన మొక్కలతో ఏర్పడ్డ మెత్తటి తడి నేల), గుట్టల మీద గ్రానైట్ బండల కుప్పలు. ఆ కుప్పల్నే టోర్ అంటారు. ఎండ ఉన్న రోజు పది మైళ్ళ అవతలి టోర్ కూడా కనిపిస్తుంది కాబట్టి దారి తప్పడం ఎలా సాధ్యం అనిపిస్తుంది. మేఘం కిందికి దిగిందంటే ఇరవై అడుగుల అవతల ఏముందో తెలియదు, అన్ని టోర్లూ ఒకేలా ఉంటాయి. శరదృతువులో ఇది అరగంటలో జరిగిపోతుంది. నైరుతి గాలి సముద్రం మీది తేమనంతా తెచ్చి ఈ ఎత్తు మీద దించుతుంది. మూర్ మధ్యలోని ప్రిన్స్‌టౌన్ ఊళ్ళో ఏడాదికి సుమారు 2,000 మిల్లీమీటర్ల వాన పడుతుంది, మీ ఎక్సెటర్‌లో అందులో సగం కూడా ఉండదు. కాబట్టి ఇంటి కిటికీలోంచి చూసి "ఈరోజు బాగుంది" అనుకోకండి. మెట్ ఆఫీస్ (ఇక్కడి వాతావరణ శాఖ) సైట్‌లో ప్రిన్స్‌టౌన్ పేరు కొట్టి చూడండి, వాన కంటే ముందు గాలి వేగం చూడండి. గంటకు 40 మైళ్ళు దాటి వీస్తుందని ఉంటే మేము పైకి వెళ్ళం, కింద ఏ అడవి దారిలోనో నడిచి వచ్చేస్తాం.

అనుమతి గురించి అడిగారు కాబట్టి: 1985 నాటి డార్ట్‌మూర్ కామన్స్ చట్టం ప్రకారం ఆ ఉమ్మడి భూముల మీద కాలినడకన తిరిగే హక్కు అందరికీ ఉంది, రాత్రయినా పగలైనా. అక్కడ టెంట్ వేసుకుని పడుకోవడం కూడా ఆ హక్కులో భాగమేనని 2025 మేలో సుప్రీంకోర్టు తేల్చింది. అయితే అది కామన్స్‌కి, అందులోనూ క్యాంపింగ్‌కి అనుమతి ఉన్న భాగాలకే, పార్క్ మొత్తానికి కాదు. మీరు మొదటి సీజన్‌లోనే టెంట్ దాకా వెళ్ళకండి.

ఒక్క మినహాయింపు ఉంది, అది పెద్దది. ఉత్తర భాగంలో సైన్యం కాల్పుల ప్రాక్టీస్ చేసే రేంజ్‌లు మూడున్నాయి: ఓక్‌హాంప్టన్, మెరివేల్, విల్స్‌వర్తీ. కాల్పులున్న రోజు చుట్టూ గుట్టల మీద ఎర్ర జెండాలు ఎగరేస్తారు, రాత్రయితే ఎర్ర దీపాలు పెడతారు. సరిహద్దు పొడుగునా ఎరుపు తెలుపు పట్టీల కర్రలు ఉంటాయి. ఏ రోజు కాల్పులో ప్రభుత్వ వెబ్‌సైట్‌లో ముందే పెడతారు, శుక్రవారం సాయంత్రం చూసుకోండి. అందరికీ ఎక్కాలనిపించే హై విల్‌హేస్ (621 మీటర్లు, దక్షిణ ఇంగ్లండ్‌లో అన్నిటికంటే ఎత్తు అదే) ఈ రేంజ్ లోపలే ఉంది. నేల మీద లోహపు ముక్క ఏది కనిపించినా ముట్టుకోకండి, ఫొటో కోసం కూడా దగ్గరికి వెళ్ళొద్దు.

ఇక దారులు. మీకు నేను చెప్పేవి ఇవి.

మొదటి రెండు మూడు వారాలు హేటోర్. కార్ పార్క్, విజిటర్ సెంటర్ పక్కనే, ఎదురుగా 457 మీటర్ల గుట్ట. పైకెక్కి, వెనకవైపు పాత క్వారీ చూసి, అక్కడి నుంచి ట్రామ్‌వే పట్టుకుని దిగండి. 1820లో వేసిన ఈ ట్రామ్‌వేకి పట్టాలు ఇనుపవి కాదు, గ్రానైట్ రాయినే పట్టాలుగా చెక్కి పరిచారు. గుర్రాలతో నడిచేది, లండన్ బ్రిడ్జికి రాయి ఇక్కడి నుంచే వెళ్ళింది. ఐదారు కిలోమీటర్లకు మించదు. ఈ నడకల అసలు ప్రయోజనం మనుషుల్ని తెలుసుకోవడం: ఎవరు వేగంగా పోతారు, ఎవరికి మోకాలు నొప్పి, ఎవరు ఆకలేస్తే మూడీగా అయిపోతారు, ఎవరు అలసిపోయినా నోరు తెరిచి చెప్పరు. ఆ చివరి రకం మనిషి మీ గుంపులో తప్పకుండా ఉంటారు.

తర్వాత ప్రిన్స్‌టౌన్ పాత రైలు దారి. 1956లో ఆ లైన్ మూసేశారు, పట్టాలు తీసేశారు, కట్ట మాత్రం ఉంది. ఫాగిన్‌టోర్ క్వారీ వైపు వెళ్ళి వెనక్కి వస్తే ఆరేడు కిలోమీటర్లు, దాదాపు చదును. ఓపిక ఉంటే ఇంకాస్త ముందుకు స్వెల్ టోర్ దాకా వెళ్ళండి, లండన్ బ్రిడ్జిని వెడల్పు చేసినప్పుడు చెక్కి, అక్కర్లేక వదిలేసిన రాతి దిమ్మలు దారి పక్కనే పడి ఉంటాయి. రాత్రి నడకకి మొట్టమొదట ఇదే దారి పెట్టుకోండి, కాలికింద కట్ట ఉన్నంతసేపు దారి తప్పడం కష్టం. క్వారీ లోపలికి మాత్రం రాత్రిపూట అస్సలు వద్దు, నిలువు రాతిగోడలు, కింద నీళ్ళు.

మూడోది ప్రిన్స్‌టౌన్ నుంచి సౌత్ హెస్సరీ టోర్ మీదుగా నన్స్ క్రాస్. వెళ్ళడానికే సుమారు నాలుగు కిలోమీటర్లు, వెడల్పాటి బాట. చివర నిలువెత్తు రాతి శిలువ, 1240 నాటి సరిహద్దు పత్రంలోనే దాని ప్రస్తావన ఉంది. అక్కడికి దగ్గర్లోనే డెవన్‌పోర్ట్ లీట్ ఉంటుంది, 1790లలో ప్లిమత్ నౌకాశ్రయానికి నీళ్ళకోసం తవ్విన సన్నటి కాలువ, ఇప్పటికీ పారుతోంది. దాని గట్టు మీద నడవడం నాకు ఈ మూర్ మొత్తంలో ఇష్టమైన పని. కానీ బాటకి తూర్పున ఫాక్స్ టోర్ మైర్స్ అనే పెద్ద ఊబి ఉంది. అటువైపు "షార్ట్‌కట్" అన్నమాట ఎవరి నోటి నుంచి వచ్చినా అక్కడే ఆపేయండి. కంటికి నదరుగా లేతాకుపచ్చగా మెరిసే నాచు కనిపిస్తే కాలు పెట్టకండి, దాని కింద నీళ్ళే. సినిమాల్లోలా మనిషి మునిగిపోయేది తక్కువే గానీ, తొడల దాకా దిగి బయటపడి, ఆ తడితో గాలిలో గంట నడవడం ప్రాణం మీదికి తెస్తుంది.

కారు లేనివాళ్ళకి: ఎక్సెటర్ నుంచి ఓక్‌హాంప్టన్‌కి రైలు 2021 నవంబర్‌లో మళ్ళీ మొదలైంది. స్టేషన్ దగ్గర్నుంచే గ్రానైట్ వే అనే చదునైన దారి మెల్డన్ వయాడక్ట్ (పాత రైలు వంతెన) మీదుగా పోతుంది. వాతావరణం బాలేని శనివారాలకి అది ఉంచుకోండి.

టైమ్ లెక్క గురించి గట్టిగా చెప్తాను, ఎందుకంటే శరదృతువులో కొత్తవాళ్ళని దెబ్బతీసేది ఇదే. సెప్టెంబర్ మధ్యలో ఏడున్నర దాకా వెలుతురు ఉంటుంది, ఆ అలవాటు మీద అక్టోబర్ గడిచిపోతుంది. అక్టోబర్ చివరి ఆదివారం గడియారం గంట వెనక్కి తిప్పుతారు. ముందురోజు శనివారం ఆరు గంటల ప్రాంతంలో అస్తమించిన సూర్యుడు మర్నాటి నుంచి ఐదుకే పోతాడు. నవంబర్ చివరికి నాలుగుంబావు. మనవాళ్ళు పది గంటలకి బయల్దేరదామని చెప్పి పదకొండున్నరకి కార్ ఎక్కే రకం కదా, అక్కడే సగం రోజు అయిపోతుంది. పాత లెక్క ఒకటి ఉంది, నైస్మిత్ రూల్: గంటకి 5 కిలోమీటర్లు, ప్రతి 600 మీటర్ల ఎక్కుడుకి ఇంకో గంట. అది గట్టి కాళ్ళున్న ఒంటరి మనిషికి. పదిమంది గుంపు, టీలు, ఫొటోలు, బూట్ లేసులు అన్నీ కలిపితే పగలు గంటకి 3 కిలోమీటర్లు వేసుకోండి, రాత్రి 2.

దానికి తోడు, బయల్దేరే ముందే వెనక్కి తిరిగే టైమ్ ఒకటి అందరి ముందూ ప్రకటించండి. "ఎక్కడున్నా సరే, ఒంటిగంటన్నరకి వెనక్కి." గమ్యం కళ్ళముందు కనిపిస్తున్నా సరే. మా గుంపులో ఒకసారి నది దాటే రాళ్ళ దగ్గర దీనిమీద పెద్ద వాదనే అయింది. ముందురోజు రాత్రి వాన పడి, రాళ్ళ మీదుగా నీళ్ళు పారుతున్నాయి. అవతలి గట్టు పట్టుమని పది గజాలు లేదు, మూడు రాళ్ళే కదా అని ఇద్దరు పట్టుబట్టారు. తిరిగి వచ్చేశాం. ఆ ఇద్దరూ నాలుగు రోజులు వాట్సాప్‌లో మాట్లాడలేదు, ఐదో రోజు వచ్చే వారం ఎక్కడికి అని అడిగారు. డార్ట్ మూర్ నదులు వాన పడితే గంటల్లో పొంగుతాయి, రాళ్ళు మునిగి ఉంటే ఆ దారి ఆరోజుకి లేదన్నట్టే లెక్క.

బట్టలు, సామాను. జీన్స్ వద్దు, కాటన్ టీషర్ట్ వద్దు, తడిస్తే ఆరవు. పాలియెస్టరో, ఉన్ని బట్టో లోపల, ఫ్లీస్ ఒకటి, పైన నిజంగా వాన ఆపే జాకెట్, వాటర్‌ప్రూఫ్ ప్యాంటు. ప్యాంటు అందరూ మర్చిపోతారు. టోపీ, గ్లవ్స్ సెప్టెంబర్‌లో కూడా బ్యాగులో ఉండాలి. కొత్తవే కొనక్కర్లేదు, ఎక్సెటర్ చారిటీ షాపుల్లో మంచివి దొరుకుతాయి, స్టూడెంట్లకి ఇదే చెప్తాను. బూట్లకి మాత్రం డబ్బు పెట్టండి. గుంపుకి కలిపి ఒక గ్రూప్ షెల్టర్ కొనండి, ఆరుగురో ఎనిమిది మందో లోపల కూర్చునే పల్చటి గుడారం గుడ్డలాంటిది. గాలివానలో అందులో దూరి కూర్చుంటే ఐదు నిమిషాల్లో వెచ్చబడుతుంది. ఎవరికైనా కాలు మడతపడితే దాని విలువ తెలుస్తుంది.

చలి దెబ్బ ఎలా మొదలవుతుందో అందరికీ తెలియాలి. గడ్డకట్టే చలి అక్కర్లేదు, 7, 8 డిగ్రీలు, తడి బట్టలు, గాలి చాలు. మొదట మనిషి మాట్లాడటం తగ్గిస్తాడు, చిన్నదానికి విసుక్కుంటాడు, తర్వాత జిప్ వేసుకోలేడు, అడుగులు తడబడతాయి, మాట ముద్దగా వస్తుంది. అడిగితే "ఐయామ్ ఫైన్" అంటాడు. ఒక నవంబర్‌లో హైదరాబాద్ నుంచి కొత్తగా వచ్చిన కుర్రాడొకడు మాతో వచ్చాడు, చెప్పినా వినకుండా జీన్స్‌లో. సన్నటి జల్లే, పెద్ద వాన కూడా కాదు. రెండు గంటలకి వెనకబడ్డాడు, చాక్లెట్ కవర్ చింపుకోలేకపోయాడు. అక్కడే ఆపి, షెల్టర్ వేసి, తడి బట్టలు తీయించి స్పేర్ ఫ్లీస్, ప్యాంటు తొడిగించి, ఫ్లాస్కులో టీలో పంచదార దండిగా కలిపి తాగించి, కాస్త తేరుకున్నాక అందరం దగ్గరి దారిన దిగిపోయాం. అందుకే స్పేర్ బట్టల బ్యాగ్ ఒకటి ఎప్పుడూ గుంపుతో ఉంటుంది.

తిండి: పులిహోర, చపాతీ రోల్స్, ఏదైనా సరే, గ్లవ్స్ తీయకుండా తినగలిగేదై ఉంటే మంచిది. షుగర్ ఉన్నవాళ్ళు మందులు, గ్లూకోజ్ తమ దగ్గరే ఉంచుకుని, అవి ఏ జేబులో ఉన్నాయో పక్కవాళ్ళకి చెప్పాలి. ఇన్‌హేలర్ కూడా అంతే.

దారి చూసుకోవడం. ఫోన్‌లో ఓఎస్ మ్యాప్స్ యాప్ (బ్రిటన్ సర్వే సంస్థ ఆర్డ్‌నెన్స్ సర్వేది) పెట్టుకోండి, మ్యాప్ ముందే డౌన్‌లోడ్ చేసుకోండి, లోయల్లో సిగ్నల్ ఉండదు. అయినా వాళ్ళదే ఓఎల్ 28 అనే డార్ట్‌మూర్ కాగితం మ్యాప్, దిక్సూచి కొనండి, ఇద్దరైనా నేర్చుకోండి. చలికి ఫోన్ బ్యాటరీ త్వరగా అయిపోతుంది, తడి వేలికి స్క్రీన్ పలకదు. హేటోర్ దగ్గర ఎండ ఉన్న రోజున మ్యాప్ పట్టుకుని ప్రాక్టీస్ చేయడమే మొదటి మెట్టు. గోడ, కాలువ, బాట, వాగు, వీటిలో ఏదో ఒకటి పక్కన పెట్టుకుని నడిచేలా దారి ఎంచుకోండి.

ముందు ఒకరు, చివర ఒకరు. చివరి మనిషి గుంపులో గట్టివాళ్ళై ఉండాలి, వాళ్ళ వెనక ఎవరూ ఉండకూడదు, టాయిలెట్‌కి ఆగినవాళ్ళతో సహా. ముందు మనిషి వేగం నెమ్మదైనవాళ్ళని బట్టి. ఆగిన చోట వెనకవాళ్ళు వచ్చి చేరగానే ముందువాళ్ళు లేచి బయల్దేరకండి, ఆఖరున వచ్చినవాళ్ళకీ ఊపిరి తీసుకునే టైమ్ ఇవ్వండి. ఇది చిన్న విషయంలా ఉంటుంది గానీ, రెండో వారం నుంచి జనం మానేసేది దీనివల్లే.

రాత్రి నడక. ఆరు నుంచి ఎనిమిది మంది చాలు. ప్రతి ఒక్కరికీ సొంత హెడ్ టార్చ్, స్పేర్ బ్యాటరీలు, ఫోన్ లైట్ లెక్కలోకి రాదు. ఒక్కొక్కరికి ఒక నంబర్ ఇవ్వండి, గేటు దగ్గరా, మలుపు దగ్గరా ఒకటి, రెండు, మూడు అని వరసగా చెప్పించండి. చీకట్లో తలలు లెక్కపెట్టడం జరిగే పని కాదు. మాట్లాడేటప్పుడు ఎదుటివాళ్ళ మొహంలోకి లైట్ కొట్టకండి, కళ్ళు చీకటికి అలవాటు పడటానికి ఇరవై ముప్పై నిమిషాలు పడుతుంది, ఒక్క లైటుతో అదంతా పోతుంది. పొగమంచులో హెడ్ టార్చ్ పనికిరాదు, వెలుగంతా తెల్లగా మన కళ్ళకే తిరిగి కొడుతుంది. తలమీంచి తీసి చేత్తో మోకాలి ఎత్తులో పట్టుకుంటే నేల కనిపిస్తుంది.

రోజు ఎలా ఎంచుకోవాలంటే, మాకు మన క్యాలెండరే సులువు. కార్తీక పౌర్ణమికి చంద్రుడు బాగా పైకి వస్తాడు, మబ్బు లేకపోతే రైలు కట్ట మీద టార్చ్ ఆర్పేసి నడవొచ్చు. దీపావళి అమావాస్య దగ్గర నక్షత్రాల కోసం వెళ్ళొచ్చు, ఆకాశంలో పాలపుంత చారలా కనిపిస్తుంది. కొత్తవాళ్ళు పౌర్ణమితోనే మొదలుపెట్టండి. మబ్బు పట్టిన పౌర్ణమి అమావాస్యతో సమానం అని కూడా గుర్తుంచుకోండి.

భయం గురించి ఎవరూ అడగరు గానీ చెప్తాను. టార్చ్ వెలుగులో ఆకుపచ్చగా జంటలు జంటలుగా కళ్ళు మెరుస్తాయి. గొర్రెలు. పక్కనుంచి హఠాత్తుగా బుస్సుమంటుంది. పోనీ గుర్రం, ఇక్కడి పొట్టి రకం. మన ఊళ్ళలో కొరివి దెయ్యం దారి తప్పిస్తుందన్నట్టే ఇక్కడివాళ్ళు పిక్సీలు తప్పిస్తాయంటారు, విరుగుడు కోటు తిరగేసి తొడుక్కోవడం. పోస్ట్‌బ్రిడ్జ్ దగ్గర రోడ్డు మీద వెంట్రుకల చేతులు వచ్చి స్టీరింగ్ లాగేస్తాయని ఇంకో కథ. కథలు చెప్పుకోండి, కానీ గుంపులో నిజంగా టెన్షన్ పడేవాళ్ళుంటే దాక్కుని అరవడం లాంటి వేషాలు వద్దు, చీకట్లో ఒకరు పరిగెత్తారంటే చీలమండ విరిగినట్టే.

జంతువుల సంగతికి వస్తే, పోనీలకి యజమానులున్నారు, తిండి పెట్టకండి. శరదృతువులో రైతులు వాటిని గుట్టల మీంచి తోలుకొస్తారు, డ్రిఫ్ట్ అంటారు. ఎదురైతే పక్కకి తప్పుకుని నిలబడండి. దూడలున్న ఆవుల మధ్యనుంచి పోవద్దు. డ్రైవింగ్‌లో ఇంకా జాగ్రత్త, రాత్రి ఇంటికి వెళ్ళేటప్పుడు పోనీలూ గొర్రెలూ రోడ్డు మీదే ఉంటాయి. లిమిట్ 40 మైళ్ళు, నేను 30 దాటను. ఇంటికెళ్ళాక ఒళ్ళంతా పిడుదుల కోసం చూసుకోండి, మోకాళ్ళ వెనక, నడుము దగ్గర. ఎర్రబడ్డ బ్రాకెన్ (ఒకరకం ఫెర్న్) పొదల్లో ఇంకా ఉంటాయి. కరిచిన చోట ఎర్రటి మచ్చ పెరుగుతూ పోతే జీపీకి (మీరు నమోదైన ఫ్యామిలీ డాక్టర్‌కి) చూపించండి, లైమ్ జబ్బు రావచ్చు.

ఏదైనా జరిగితే ఎమర్జెన్సీ నంబర్ 999 కొట్టి, పోలీస్ అని అడిగి, మౌంటెన్ రెస్క్యూ కావాలని చెప్పండి. గ్రిడ్ రిఫరెన్స్ (మ్యాప్ మీద మీరున్న చోటు చెప్పే అంకెలు) చదవడం అందరికీ వచ్చి ఉండాలి. 999కి రిజిస్టర్ అని ఇంగ్లీష్‌లో మెసేజ్ పంపి నంబర్ నమోదు చేసుకుంటే, కాల్ కలవని చోట నుంచి మెసేజ్ పంపొచ్చు, ఇంట్లో ఉండగానే చేసేయండి. విజిల్ అయితే నిమిషంలో ఆరుసార్లు ఊది, నిమిషం ఆగి, మళ్ళీ ఆరు. రెస్క్యూకి బిల్లు రాదు. డార్ట్‌మూర్ టీముల్లో ఉన్నవాళ్ళంతా వాలంటీర్లు, పైసా అడగరు, వీసాకీ దీనికీ సంబంధం లేదు. స్టూడెంట్లలో ఈ భయం చాలామందికి ఉంది, దానివల్ల గంటలు గంటలు ఆలస్యం చేస్తారు.

మీరు ఇంకో మాట అడిగారు, ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నల్ని తీసుకురావొచ్చా అని. సెప్టెంబర్‌లో హేటోర్‌కి, గ్రానైట్ వేకి హాయిగా తీసుకెళ్ళండి, చెప్పులతో మాత్రం కాదు. మిగతా గుంపు నడుస్తుంటే వాళ్ళతో పాటు ఒకరు వెనక్కి తిరిగిపోగలిగేలా రెండో కారు ఉంచుకోండి. రాత్రి నడకకి వద్దు.

మొదటి నడక సెప్టెంబర్ రెండో శనివారం పెట్టుకుంటే, పౌర్ణమి రాత్రి నడకకి ముందు రైలు దారి రెండుసార్లు నడిచే టైమ్ దొరుకుతుంది. ఎవరెవరు వస్తున్నారు, ఏ దారి, ఎన్నింటికి తిరిగొస్తారు అన్నది రాసి, నడకకి రాని ఒకరికి పంపి వెళ్ళండి. ఆ టైమ్ దాటి గంటయినా కబురు లేకపోతే 999 కొట్టమని వాళ్ళతో ముందే మాట్లాడుకోండి. మ్యాప్ మీద దారులు గీసి చూపించమంటే కింద అడగండి, ఫొటో తీసి పెడతాను.